‘అభ్యంతరాలను పరిశీలించడమైనది’: రవాణా నియమాల తయారీలో ప్రజల మాటకు చోటెక్కడ?

మోటారు వాహనాల చట్టాన్ని పార్లమెంటు 1988లో చేసింది. అది 1989 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అయితే రోడ్డు మీద మనకు రోజూ ఎదురయ్యే ప్రశ్నల్లో చాలావాటికి సమాధానం ఆ చట్టంలో దొరకదు. లైసెన్సు దరఖాస్తుకు ఏ పత్రాలు జతచేయాలి, వాహనం నడపడానికి యోగ్యమని చెప్పే ఫిట్‌నెస్ ధ్రువపత్రం గడువు దాటితే ఎంత కట్టాలి, కండక్టరు ప్రయాణికులతో ఎలా నడుచుకోవాలి, ద్విచక్ర వాహనం మీద పసిపిల్లలను ఎలా కూర్చోబెట్టాలి వంటివన్నీ చట్టం ఇచ్చిన అధికారంతో ప్రభుత్వాలు చేసే నియమాల్లో ఉంటాయి. దేశమంతటికీ వర్తించే కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో వచ్చాయి. అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తన సొంత నియమాలు చేసుకుంది; 2014 విభజన తర్వాత తెలంగాణ వాటినే తనకు అన్వయించుకుంది. చట్టం మీద సభలో చర్చ జరుగుతుంది, పత్రికలు రాస్తాయి, ప్రతిపక్షం నిలదీస్తుంది. నియమం మాత్రం రవాణా కమిషనరు కార్యాలయంలో ప్రతిపాదనగా పుట్టి, సచివాలయంలో రవాణా శాఖ చేతుల మీదుగా న్యాయశాఖ పరిశీలనకు వెళ్లి, జీఓగా బయటికి వస్తుంది. ఈ దారిలో సామాన్యుడు తన మాట చెప్పుకోగల చోటు ఏదైనా ఉందా అన్నదే ఈ వ్యాసంలో విప్పి చూడవలసిన చిక్కు.

చోటు ఉంది. పైగా అది ప్రభుత్వం దయతో ఇచ్చినది కాదు, చట్టం విధించిన షరతు. మోటారు వాహనాల చట్టంలోని 212వ సెక్షన్ మొదటి ఉపసెక్షన్ ప్రకారం, ఈ చట్టం కింద నియమాలు చేసే అధికారం ‘ముందస్తు ప్రచురణ’కు లోబడి ఉంటుంది. అంటే కేంద్రమైనా రాష్ట్రమైనా ముందు ముసాయిదాను ప్రచురించి, ఆ తర్వాతే నియమాన్ని ఖరారు చేయాలి. ఆ ప్రచురణ ఎలా జరగాలో తెలుసుకోవడానికి ఇంకా వెనక్కి, 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలోని 23వ సెక్షన్ దగ్గరికి వెళ్లాలి. నియమం వల్ల ప్రభావితమయ్యే అవకాశం ఉన్నవారి ఎరుక కోసం ముసాయిదాను ప్రచురించాలనీ, దాన్ని ఏ తేదీ నుంచి పరిశీలనకు తీసుకుంటారో ఒక నోటీసులో తెలపాలనీ, ఆ తేదీలోపు ఏ వ్యక్తి నుంచి అభ్యంతరం గాని సూచన గాని వచ్చినా పరిశీలించాలనీ ఆ సెక్షన్ చెబుతుంది. వాహన యజమాని అయి ఉండాలన్న నిబంధన గాని, సంఘంలో సభ్యత్వం ఉండాలన్న నిబంధన గాని అందులో లేదు. బస్సు కోసం నిలబడే ప్రయాణికురాలికీ, రోడ్డు దాటే పాదచారికీ, వందల బస్సులున్న ట్రావెల్స్ సంస్థకూ చట్టం దృష్టిలో ఒకే హక్కు ఉంది.

ఈ షరతును న్యాయస్థానాలు తేలికగా తీసుకోలేదు. రాజస్థాన్ నుంచి వచ్చిన హర్లా కేసులో సుప్రీంకోర్టు, ప్రజలకు తెలియపరచని శాసనంతో ఎవరినీ శిక్షించరాదని 1951లోనే తేల్చింది. భోపాల్ మునిసిపల్ కార్పొరేషన్‌కు సంబంధించిన 1972 నాటి కేసులో, ముందస్తు ప్రచురణ తప్పనిసరి అయిన చోట ముసాయిదాను ప్రచురించకుండా చేసిన సవరణ చెల్లదని చెప్పింది. నియమం శాసనమయ్యేలోపే దాని మంచిచెడ్డలను చర్చించుకునే వీలు ప్రభావితులకు ఉండాలన్నది ఆ తీర్పు వెనుక ఉన్న ఆలోచన.

ఇంత గట్టిగా కనిపించే ఏర్పాటు ఆచరణలో ఎందుకు పలచబడుతుందో తెలియాలంటే 23వ సెక్షన్‌ను ఇంకొక్కసారి, ఈసారి అది చెప్పని విషయాల కోసం చదవాలి. ముసాయిదాను ‘తగినదని ఆ అధికార సంస్థ భావించే పద్ధతిలో’ ప్రచురించాలని అక్కడ ఉంది. గెజిట్‌లో వేయడమే తగినదని ప్రభుత్వం భావిస్తే అంతటితో సరిపోతుంది. గెజిట్‌ను ఎవరు చదువుతారు? న్యాయవాదులు, పెద్ద కంపెనీల ప్రతినిధులు, కొద్దిమంది పాత్రికేయులు చదువుతారు. అభ్యంతరాలకు ఎన్ని రోజుల గడువు ఇవ్వాలో ఈ సెక్షన్ చెప్పదు. 212వ సెక్షన్ కూడా చెప్పదు. ముసాయిదా ఏ భాషలో ఉండాలో, ఆ మార్పు ఎందుకు అవసరమైందో వివరించాలో లేదో చెప్పదు. అన్నిటికన్నా ముఖ్యంగా, వచ్చిన అభ్యంతరాలను పరిశీలించాలని చెబుతుంది గాని వాటికి సమాధానం ఇవ్వాలని ఎక్కడా చెప్పదు.

23వ సెక్షన్‌లోని చివరి ఉపసెక్షన్ ఈ అల్లికలోని అతి బలమైన ముడి. ముందస్తు ప్రచురణ తర్వాత చేసినట్లు పేర్కొంటూ ఒక నియమాన్ని గెజిట్‌లో ప్రచురిస్తే, ఆ నియమం సక్రమంగా తయారైందనడానికి ఆ ప్రచురణే తిరుగులేని రుజువని అది శాసిస్తుంది. అసలు ముసాయిదాయే ప్రచురించకపోతే కోర్టుకు వెళ్లవచ్చు. ప్రచురించారు గాని అది ఎవరికీ చేరలేదనో, అభ్యంతరాలను తెరిచి చూడనే లేదనో వాదించదలచిన వాడికి మాత్రం ఈ వాక్యం గోడలా అడ్డు నిలుస్తుంది.

అందుకే తుది నోటిఫికేషన్లు ఒకే మూసలో వస్తాయి. కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల మంత్రిత్వశాఖ ఇచ్చే ఏ తుది నోటిఫికేషన్ తీసినా పీఠికలో మూడు మాటలు కనిపిస్తాయి: ఫలానా తేదీన ముసాయిదాను ప్రచురించడమైనది, ఆ గెజిట్ ప్రతులను ఫలానా తేదీన ప్రజలకు అందుబాటులో ఉంచడమైనది, ప్రజల నుంచి వచ్చిన అభ్యంతరాలను, సూచనలను పరిశీలించడమైనది. ఈ మూడో మాటలోనే చట్టం పెట్టిన బాధ్యత అంతా తీరిపోతుంది. ఎన్ని అభ్యంతరాలు వచ్చాయి, ఎవరి నుంచి వచ్చాయి, వేటిని ఒప్పుకున్నారు, వేటిని ఎందుకు తోసిపుచ్చారు అన్నవి అందులో ఉండవు.

రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూస్తే దీనివల్ల జరిగే నష్టం అర్థమవుతుంది. నాలుగేళ్ల లోపు పిల్లలను ద్విచక్ర వాహనం మీద తీసుకువెళ్లేటప్పుడు రక్షణ పట్టీ, హెల్మెట్ ఉండాలనీ, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటరాదనీ కేంద్రం 2021 అక్టోబరులో ముసాయిదా ఇచ్చి, 2022 ఫిబ్రవరిలో ఖరారు చేసి, అమలుకు ఏడాది గడువు ఇచ్చింది. ఈలోగా 2022 జనవరిలో మరో ముసాయిదా వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 తర్వాత తయారయ్యే కార్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు ఉండాలన్నది దాని సారం. ఆ గడువు ఏడాది పాటు వాయిదా పడింది. 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ ఆ నిబంధనను తప్పనిసరి చేయబోమని ప్రకటించారు. మొదటి ముసాయిదా నియమమైంది, రెండోది కాలేదు. రెండు నిర్ణయాలకూ కారణాలు ఉండే ఉంటాయి. వాటిలో కొన్ని మంత్రి ప్రకటనల్లో వినిపించాయి కూడా. అయినా కార్ల కంపెనీలు రాసి ఇచ్చిన అభ్యంతరాలేమిటి, ప్రమాదాల్లో అయినవారిని పోగొట్టుకున్నవారు ఏమైనా రాశారా, ఆ రెంటినీ శాఖ ఎలా తూచింది అన్నది పౌరుడు ఒకచోట చదువుకోగల పత్రంగా నోటిఫికేషన్‌తో పాటు రాదు. నిర్ణయం మంచిదే కావచ్చు. దాని మీద నమ్మకం కుదరడానికి కావలసిన సామగ్రి మాత్రం జనం చేతికి అందదు.

ఆటో డ్రైవర్ల అనుభవం ఇంకా సూటిగా ఉంటుంది. ఫిట్‌నెస్ ధ్రువపత్రం గడువు ముగిశాక జరిగే ఆలస్యానికి రోజుకు 50 రూపాయల చొప్పున అదనపు రుసుము వేసే సవరణ 2016 డిసెంబరు 29న కేంద్ర నియమాల్లో చేరింది. ఏడాది ఆలస్యమైతే 18,000 రూపాయలు దాటుతుంది. దీని మీద కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి, హైదరాబాద్‌తో సహా పలుచోట్ల ఆటో సంఘాలు ఆందోళనకు దిగాయి. ఆ డ్రైవరు అభ్యంతరం చెప్పగలిగి ఉండాల్సింది ముసాయిదా దశలో. ముసాయిదాను ఆటో స్టాండు దాకా చేర్చే మార్గమేదీ చట్టంలో లేదు. చేరినా, అది ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండే గెజిట్ పాఠం. రాసి పంపవలసిన చిరునామా న్యూఢిల్లీలోని ట్రాన్స్‌పోర్ట్ భవన్. దశ దాటాక మిగిలేది ధర్నా ఒక్కటే. ధర్నాలను అసహనంతో చూసే అధికారులు ఈ వరుసక్రమాన్ని కాస్త గమనించడం మంచిది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, దాన్ని చాలామంది గుర్తించరు. ప్రజల జేబును తాకే రవాణా నిర్ణయాలన్నీ ‘నియమాలు’ కావు. 212వ సెక్షన్ షరతు వర్తించేది నియమాలకు మాత్రమే. కోర్టుకు వెళ్లకుండా అక్కడికక్కడ కట్టే కాంపౌండింగ్ జరిమానా మొత్తాలను 200వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్‌తో నిర్ణయిస్తుంది. 2019 సెప్టెంబరు 1న కొత్త జరిమానాలు అమల్లోకి వచ్చిన కొద్దిరోజులకే గుజరాత్ వాటిని తగ్గించినది ఈ దారిలోనే. 2020 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ పెంచినదీ జీఓ ద్వారానే. 2019 సవరణతో వచ్చిన 210ఏ సెక్షన్ ప్రకారం రాష్ట్రం ఒక నోటిఫికేషన్ ద్వారా జరిమానాలను పది రెట్ల వరకు పెంచవచ్చు. ఆ నోటిఫికేషన్‌ను శాసనసభ ముందు ఉంచాలి గాని, ముందుగా ప్రజల ముందు ఉంచాలని లేదు. బస్సు చార్జీలు, ఆటో చార్జీల మీద రాష్ట్రం 67వ సెక్షన్ కింద ఆదేశాలు ఇవ్వవచ్చు. వాహన పన్నులు 1963 నాటి వేరే చట్టం కిందికి వస్తాయి. ఓలా, ఉబర్ వంటి అగ్రిగేటర్ల మీద కేంద్రం 2020లోనూ, మళ్లీ 2025లోనూ ఇచ్చినవి ‘మార్గదర్శకాలు’. వాటికీ ముందస్తు ప్రచురణ షరతు లేదు. ఆలోచిస్తే విడ్డూరంగా ఉంటుంది: ఒక ఫారం నమూనా మార్చడానికి ముసాయిదా, గడువు, అభ్యంతరాల పరిశీలన కావాలి, హెల్మెట్ లేనివాడు ఎంత కట్టాలో మార్చడానికి ఒక్క జీఓ చాలు.

రవాణా శాఖ ప్రజల మాట ఎదురుగా కూర్చుని వినడం అసాధ్యమేమీ కాదు. అదే చట్టంలో, అదే శాఖ చేత విని తీరేలా చేసిన అధ్యాయం ఒకటి ఉంది. ప్రభుత్వ బస్సు సంస్థ ఏదైనా మార్గాన్ని తన పరిధిలోకి తెచ్చుకునే పథకం ప్రతిపాదిస్తే, గెజిట్‌లో ప్రచురించిన 30 రోజుల్లోపు అభ్యంతరాలు చెప్పవచ్చని 100వ సెక్షన్ చెబుతుంది. చెప్పినవారికి స్వయంగా గాని, ప్రతినిధి ద్వారా గాని వాదన వినిపించుకునే అవకాశం ఇవ్వాలి. ఏడాదిలోపు ఆమోదిత పథకంగా ప్రచురించకపోతే ఆ ప్రతిపాదన రద్దయిపోతుంది.

ఈ వినికిడికి నిజమైన అర్థం తెచ్చిన కేసు మన నేల మీదే పుట్టింది. 1958 జనవరిలో ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడడానికి కొద్దిగా ముందు, 1957లో, ప్రభుత్వ రోడ్డు రవాణా విభాగం కృష్ణా జిల్లా బస్సు మార్గాలను జాతీయం చేసే పథకం ప్రతిపాదించింది. ప్రైవేటు బస్సుల యజమానులు అభ్యంతరాలు పెట్టారు. వాటిని విన్నది రవాణా వ్యవహారాలు చూసే కార్యదర్శి, ఆమోదించింది ముఖ్యమంత్రి. గుల్లపల్లి నాగేశ్వరరావు పేరుతో నమోదైన ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ కోకా సుబ్బారావు ఈ తీరును ఒప్పుకోలేదు. వినేది ఒకరు, నిర్ణయించేది మరొకరు అయితే ఆ వినడం ఉత్త తంతుగా మిగులుతుందనీ, పథకం తెచ్చిన శాఖకు అధిపతిగా ఉన్న అధికారే దాని మీద అభ్యంతరాలు వినడం నిష్పాక్షికత కాదనీ ఆయన తేల్చారు. ప్రభుత్వ ఉత్తర్వు కొట్టివేతకు గురైంది. తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా విని ఆమోదించిన పథకాన్ని అదే కోర్టు 1959లో సమర్థించింది. చివరికి జాతీయీకరణ ఆగలేదు. మారింది, వినవలసినవాడు విన్నాడా లేదా అన్నది. ప్రజల మాట వింటే పనులు ఆగిపోతాయని భయపడే అధికారులకు ఇంతకన్నా మంచి జవాబు దొరకదు.

ఆ కేసులో అభ్యంతరాలు చెప్పినవారు కోర్టు ఖర్చులు భరించగల బస్సుల యజమానులన్న సంగతి కూడా మరవరాదు. ఆ మార్గాల్లో ప్రయాణించే రైతులు, విద్యార్థులు ఆ వాదనలో ఎక్కడా పక్షం కాదు. ఏ వినికిడి ఏర్పాటులోనైనా ముందు వరుసలో కూర్చునేది సంఘటిత ప్రయోజనాలే. తలుపు పూర్తిగా తెరిస్తే లాబీల గొంతే పెద్దగా వినిపిస్తుందన్న వాదనలో నిజం లేకపోలేదు. అయితే తలుపు మూసి ఉన్నప్పుడు కూడా లాబీలు లోపలే ఉంటాయి. అందరి అభ్యంతరాలనూ బయట పెట్టినప్పుడే ఏ సవరణ ఎవరి ఉత్తరం తర్వాత వచ్చిందో కనిపిస్తుంది.

మరింత దగ్గరి నమూనా కరెంటు బిల్లు వెనుక ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడింది. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ డిస్కంలు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలు, తమ చార్జీల ప్రతిపాదనలను ముందే ప్రచురించాలి. మండలి బహిరంగ విచారణలు జరుపుతుంది. రైతు సంఘాల వారు, చిన్న పరిశ్రమల వారు, గృహ వినియోగదారులు అక్కడికి వచ్చి మాట్లాడతారు. తర్వాత వెలువడే టారిఫ్ ఉత్తర్వులో ఒక్కో అభ్యంతరం, దానికి డిస్కం ఇచ్చిన సమాధానం, దానిపై మండలి అభిప్రాయం వరుసగా ఉంటాయి. అక్కడ కూడా తమ మాట చెల్లలేదని అసంతృప్తి చెందేవారు ఎందరో ఉన్నారు. కానీ ఎందుకు చెల్లలేదో వారు చదువుకోగలరు, దాని మీద అప్పీలుకు వెళ్లగలరు. యూనిట్ ధర పెంచడానికి ఇంత ప్రక్రియ నడిపే రాష్ట్రాల్లోనే, 2022లో డీజిల్ సెస్ పేరుతో బస్సు చార్జీ పెరిగినప్పుడు ప్రయాణికుడికి అటువంటి వేదిక దొరకలేదు.

సంస్కరణ అనగానే కొత్త చట్టం కావాలంటారు. టెలికాం నియంత్రణ సంస్థ కాల్ డ్రాప్ పరిహార నిబంధనను 2016 మేలో కొట్టివేస్తూ సుప్రీంకోర్టు, అమెరికాలో 1946 నుంచి ఉన్న పరిపాలనా విధాన చట్టం వంటిది మనకూ అవసరమేమో ఆలోచించాలని పార్లమెంటుకు సూచించింది. ఆ చట్టం కింద నియమం చేసే సంస్థ, దాని ఆధారాన్నీ ఉద్దేశాన్నీ క్లుప్తంగానైనా వివరించాలి. అటువంటి చట్టం మనకు రాలేదు. కేంద్రం 2014 ఫిబ్రవరిలో ఒక ముందస్తు సంప్రదింపుల విధానం ప్రకటించింది. బిల్లులనే కాక ఉపశాసనాల (చట్టాల కింద చేసే నియమాల వంటివాటి) ముసాయిదాలనూ కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలనీ, సరళమైన భాషలో వివరణ ఇవ్వాలనీ, వచ్చిన స్పందనల సారాంశాన్ని వెల్లడించాలనీ అందులో ఉంది. అది కేంద్ర మంత్రిత్వశాఖలకు ఉద్దేశించినది; విధానమే గాని చట్టం కాదు కనుక పాటించకపోతే అడిగేవారు లేరు. రాష్ట్రాలకు అది అసలు వర్తించదు.

రాష్ట్ర రవాణా శాఖ అంతవరకు ఎదురుచూడవలసిన పని లేదు. 23వ సెక్షన్‌లోని ఏ వాక్యం ఇప్పుడు బలహీనతగా కనిపిస్తోందో, అదే వాక్యం మార్పుకు దారి కూడా. తగిన ప్రచురణ పద్ధతి ఏదో నిర్ణయించుకునే అధికారం నియమం చేసే ప్రభుత్వానికే ఉంది కాబట్టి, ‘ఇకపై మేము తగినదని భావించే పద్ధతి ఇది’ అని ఒక స్థాయీ జీఓ ఇస్తే చాలు. ముసాయిదా తెలుగులోనూ, తెలంగాణలో ఉర్దూలోనూ వెలువడాలి. గెజిట్‌తో పాటు ప్రతి ఆర్‌టీఓ కార్యాలయం నోటీసు బోర్డు మీద, బస్టాండ్లలో, శాఖ వెబ్‌సైట్‌లో కనీసం 30 రోజులు ఉండాలి. పాత నియమం ఏమి చెబుతోంది, కొత్తది ఏమి చెప్పబోతోంది, ఎవరి మీద ఎంత భారం పడుతుంది అన్నది ఒకటి రెండు పేజీల్లో జతచేయాలి. డ్రైవర్ల బతుకుతెరువును మార్చే ప్రతిపాదనల మీద జిల్లా కేంద్రాల్లో బహిరంగ విచారణ జరపాలి. ఆ ఫైలు మీద నిర్ణయం తీసుకునే అధికారి అక్కడ కూర్చోవాలి. తుది నోటిఫికేషన్‌తో పాటు అభ్యంతరాలు, సమాధానాల పట్టిక విడుదల కావాలి. వీటిలో దేనికీ శాసనసభ అనుమతి అక్కర్లేదు. భాష విషయంలోనూ కారణాల విషయంలోనూ 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఇప్పటికే ఒక అడుగు ముందుంది: ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలను తనంతట తాను ప్రచురించాలనీ, సమాచారాన్ని వ్యాప్తి చేసేటప్పుడు స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలనీ అది ప్రభుత్వ సంస్థలకు చెబుతోంది.

ప్రచురణను ప్రభుత్వ విచక్షణకే వదిలేస్తే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ చూసింది. 2021 ఆగస్టులో జీఓలను ప్రజలకు కనిపించే వెబ్‌సైట్‌లో పెట్టడం నిలిచిపోయింది. ప్రభుత్వం మారాక 2024లో మళ్లీ మొదలైంది. అందువల్ల పద్ధతిని జీఓతో ఆపకుండా రాష్ట్ర నియమాల్లోనే చేర్చడం మేలు. అప్పుడు దాన్ని తీసివేయడానికి కూడా ముసాయిదా ప్రచురించి అభ్యంతరాలు పిలవక తప్పదు.

ఆచరణలో వచ్చే ఇబ్బందులనూ ముందే చూసుకోవాలి. 2015లో నెట్ న్యూట్రాలిటీ (ఇంటర్నెట్‌లోని సేవలన్నిటినీ సమానంగా చూడడం) మీద టెలికాం నియంత్రణ సంస్థ అభిప్రాయాలు కోరినప్పుడు పది లక్షలకు పైగా మెయిళ్లు వచ్చాయి. పారదర్శకత పేరిట వాటిని పంపినవారి మెయిల్ చిరునామాలతో సహా బయట పెట్టి, ఆ సంస్థ తీవ్ర విమర్శలు మూటగట్టుకుంది. అభ్యంతరం అందరికీ కనిపించాలి, చెప్పిన వ్యక్తి ఫోన్ నంబరు కనిపించనవసరం లేదు. సంస్థల పేర్లు మాత్రం తప్పక కనిపించాలి. ఒకే మూసలో వచ్చిన వేల ఉత్తరాలకు ఒకే సమాధానం సరిపోతుంది. లెక్కించవలసింది ఉత్తరాల సంఖ్య కాదు, వాటిలోని విషయం.

మిగిలేది నోటిఫికేషన్ల సంగతి. కాంపౌండింగ్ జరిమానాలు, 210ఏ కింద రెట్టింపులు, చార్జీల ఆదేశాలు 212వ సెక్షన్ పరిధిలోకి రావాలంటే పార్లమెంటు చట్టాన్ని సవరించాలి. అది జరిగేలోగా, వాటి ముసాయిదాలను కూడా రెండు వారాలైనా ప్రజల ముందు ఉంచుతామని రాష్ట్రం తనకు తాను కట్టుబడకుండా ఏ చట్టమూ ఆపడం లేదు. 2019 సవరణ 210ఏ నోటిఫికేషన్లను శాసనసభ ముందు ఉంచమన్నది. సభలోని ఉపశాసనాల కమిటీ వాటిని అందుకున్నప్పుడు, ప్రజల నుంచి వచ్చిన అభ్యంతరాల పట్టిక కూడా వెంట ఉండాలని కోరవచ్చు. ఆ కోరికకు కమిటీ తీర్మానం ఒక్కటి చాలు.